విడవని పథ్యం

కోయిలకుంట్ల,
6 ఫిబ్రవరి 1955

బావగారు సుబ్బయ్యగారికి ఓబులేసు నమస్కారాలు.

ఉత్తరం మొదట్లో ఇక్కడ అందరం బాగున్నామని రాయడం మర్యాద. నేను బాగాలేను కాబట్టి ఆ వాక్యం రాయడం లేదు. జవాబులో మీరూ రాయవద్దు. మీ ఇంట్లో అందరూ బాగాలేరని నాకు తెలిసిపోయింది.

మీరు రాస్తే తెలియలేదు. మా అమ్మాయి వెంకటేశ్వరమ్మ రాస్తే తెలియలేదు. అది నెలకొక కార్డు వేస్తుంది. 'నేను బాగున్నాను, పాప బాగుంది, గిడ్డమ్మత్తను అడిగినట్టు చెప్పు నాయనా' అన్న ముక్కలు తప్ప అందులో ఏమీ ఉండవు. నిన్న సంతలో ప్రొద్దుటూరు బట్టల వ్యాపారి ఒకడు పంచె కొలుస్తూ నాకు చెప్పాడు. 'మీ మనమరాలికి కడుపు బిగిసిందంట గదప్పా. నాలుగైదు దినాలకొకసారి అవుతాదంట. నిద్ర లేదంట. మా ఆడోళ్లు చూసొచ్చి చెప్పినారు' అన్నాడు. చుట్టూ పదిమంది ఉన్నారు. నా మనవరాలి కడుపు సంగతి నాకు తెలియడానికి పంచెలమ్మేవాడు కావలసి వచ్చింది. పంచె కొనకుండా వచ్చేశాను.

మనవరాలు గురమ్మ మా ఇంట్లో పుట్టింది. పుట్టిన మూడు నెలలూ ఆ పిల్లకు పాలు తాగి పడుకోవడం, లేచి మళ్లీ పాలు తాగడం తప్ప వేరే పని లేదు. వేళకు అయ్యేది, వేళకు నిద్రపోయేది. జనవరిలో తల్లీబిడ్డలను తెచ్చి మీ ఇంట్లో వదిలాను. నెల తిరగకుండానే కడుపు బిగిసింది, నిద్ర కరువైంది. పిల్ల మారలేదు. ఇల్లు మారింది. తప్పు ఎక్కడుందో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

మీది ఇల్లు కాదు బావగారూ, బండల డిపో. వీధి వాకిలికీ పడసాలకూ నడుమ పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా మీ మనుషులు నాపరాళ్లు చెక్కుతుంటారు. ఆ ఉలి చప్పుడుకు నాకే ఆ రోజు తల పగిలింది. పసిబిడ్డ ఎలా నిద్రపోతుంది? నిద్ర చెడితే జఠరాగ్ని చెడుతుంది, అది చెడితే మలం బిగుస్తుంది. మన వైద్యులు ఏనాడో చెప్పిన మాట ఇది. మద్రాసు నుంచి నేను తెప్పించుకున్న ఇంగ్లీషు శిశుపోషణ పుస్తకంలోనూ ఇదే ఉంది. కాకపోతే ఆ మాట చెప్పడానికి వాళ్లకు ఒక అధ్యాయం పట్టింది.

కాబట్టి ఉలులు ఆపించండి. ఎండుద్రాక్ష రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి, బట్టలో వడగట్టి ఆ రసం చెంచాతో పట్టించండి. పొట్ట మీద గోరువెచ్చని ఆముదం బొడ్డు చుట్టూ రాయండి. తమలపాకు తొడిమ ఆముదంలో ముంచి పెట్టడం మీ ఇంట్లో ఆడవాళ్లకు తెలిసే ఉంటుంది. దానిని రోజూ చేయవద్దని చెప్పండి. బజారులో అమ్మే గ్రైపు వాటరు మాత్రం గడప దాటి లోపలికి రాకూడదు.

ఈసారి సంగతులు నేరుగా మీరే రాయాలి. పంచెలవాడి చేత చెప్పించవద్దు.

ఇట్లు,
ఓబులేసు


కడప,
15 ఫిబ్రవరి 1955

ఓబులేసు బావగారికి సుబ్బయ్య నమస్కరించి రాయునది.

మీ ఉత్తరం అందింది. పాప సంగతి మీకు దాచాలని కాదు. పసిబిడ్డకు విరేచనం కాలేదని వియ్యంకుడికి ఉత్తరం రాయడం నా చేతకాలేదు. నేను రాళ్లు కొని అమ్ముకునేవాడిని. మీలాగా రాయలేను.

మీరు చెప్పినట్టే ద్రాక్ష రసం పట్టించారు. ఆముదం రాశారు. ఒకసారి అయింది, మళ్లీ బిగిసింది. పాప పాలకు నోరు పెడుతుంది, కాసేపు తాగుతుంది, వదిలేసి ఏడుస్తుంది. ఎత్తుకుంటే ఊరుకుంటుంది, పండబెడితే లేస్తుంది. ఇంట్లో ఎవరికీ కునుకు లేదు. మా ఇంటామె రామసుబ్బమ్మ పిల్లను భుజాన వేసుకుని పడసాలలో తిరుగుతూనే ఉంటుంది. నేను చూసినంతలో ఆమె కూర్చుని అన్నం తిని చాలా రోజులైంది.

ఉలి పని మధ్యాహ్నం పూట ఆపించాను. పనివాళ్లు నీడకు పండుకుని గురక పెట్టినారు, పాప మాత్రం పండుకోలేదు. మా అబ్బాయి ఈ ఉలి చప్పుడులోనే పుట్టి పెరిగాడు. వాడిని నిద్ర లేపడమే మాకు కష్టంగా ఉండేది. అబ్బాయి ఇప్పుడు రాయచోటిలో కొత్త డిపో పని మీద ఉన్నాడు. ఆదివారం ఆదివారం వచ్చిపోతాడు.

ఇంకొక మాట. మీరు ఒకసారి వచ్చిపోవాలి. మా ఇంట్లో మీరు చేయాల్సిన పని ఒకటి మిగిలిపోయింది. అది ఏమిటో మీకు తెలుసు. మేముగా నోరు తెరిచి అడగడం మా ఇంటి మర్యాద కాదు. రామసుబ్బమ్మ కూడా ఈ మాట రాయమన్నది.

సుబ్బయ్య


కోయిలకుంట్ల,
24 ఫిబ్రవరి 1955

బావగారికి,

మీ ఉత్తరం చివరి నాలుగు వాక్యాలు తప్ప మిగతాదంతా మా అక్క గిడ్డమ్మకు చదివి వినిపించాను. ఆమెకు చదువు రాదు. ఇంట్లో ఉత్తరాలు చదివేది నేనే. వయసు మీదపడిన మనిషి. తన తమ్ముడిని వియ్యాలవారు ఎంత చులకన చేశారో ఆమెకు తెలియాల్సిన పని లేదు.

నేను చేయాల్సిన పని మిగిలిపోయిందా? అది నాకు తెలుసా? తెలుసు. బాగా తెలుసు. నేను వచ్చి మీ పడసాలలో నిలబడి, ఆ రోజు అన్నం తినకుండా లేచిపోయినందుకు తప్పయిపోయిందని నలుగురిలో చెప్పాలి. అంతే కదా? నోరు తెరిచి అడగడం మర్యాద కాదని ఉత్తరంలో అడిగారు. ఈ తెలివి బండల బేరంలో అబ్బిందేమో.

ఆ రోజు ఏమి జరిగిందో మీరు మరిచిపోయినట్టున్నారు. నేను మరిచిపోయే మనిషిని కాను. తల్లీబిడ్డలను దింపి, అదే రోజు పేరు పెట్టే వేడుక అని మీరే అన్నారు. నెల రోజులు కూర్చుని మనవరాలి మీద నేను పద్యాలు రాసుకొచ్చాను. ఛందస్సులో ఎక్కడా వేలు పెట్టడానికి వీల్లేకుండా రాశాను. మీ బంధువులందరి ముందు నిలబడి చదవడం మొదలుపెట్టాను. సగం కూడా కాలేదు. మీరు విస్తళ్ల వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి ఏమన్నారు? 'బావా, ఇంగా శానా ఉండాయా? బువ్వ సల్లారిపోతాంది' అన్నారు. పందిట్లో నవ్వని మనిషి లేడు. చంకలో బిడ్డ ఉన్న ఒకామె కూడా నవ్వింది. నేను కాగితం మడిచి, చెప్పులు వేసుకుని, బస్సు స్టాండుకు నడిచాను. ఎవరూ వెనక రాలేదు. రాకపోగా, మీ తోడల్లుడో ఎవరో 'పంతులు అలిగినాడు' అనడం నా చెవిన పడింది. నేను పంతులును కాను. ఈ తాలూకాలో పుస్తకాలు చదివిన మనిషిని. చదివినవాడంటే ఈ ఊళ్లో వాళ్లకూ గిట్టదు, గ్రంథాలయ సంఘంలోంచి నన్ను అలాగే తోసేశారు. మీకూ గిట్టదు. మీరంతా ఒక్కటే.

నేను రాను. మీరు వచ్చి పిలిస్తే ఆలోచిస్తాను.

పాప విషయానికి వస్తాను. పిల్ల చేసిన పాపం ఏమీ లేదు కాబట్టి ఈ కోపం దానికి తగలకూడదు. రామసుబ్బమ్మగారు రోజంతా భుజాన వేసుకుని తిప్పడమే నిద్ర చెడడానికి మూలం. ఎత్తుకోవడం అలవాటైతే పండబెడితే లేస్తుంది. ఏడ్చినా ఊయల తొట్టిలోనే వదలండి. ఇంగ్లీషు పుస్తకం ఈ మాట గట్టిగా చెప్పింది. ద్రాక్ష రసం ఒక పూట చాలకపోతే రెండు పూటలు పట్టించండి. వస కొమ్ము ఆముదం దీపం మీద కాల్చి, తల్లిపాలలో అరగదీసి నాలుక మీద రాయండి. ఇవన్నీ చేసి, అప్పుడు ఫలితం రాయండి. సగం చేసి పుస్తకాన్ని తప్పు పట్టవద్దు.

ఓబులేసు


కడప,
20 మార్చి 1955

బావగారికి,

ఆలస్యానికి మన్నించాలి. ఎండలు ముదిరాయి. కడపలో ఎండ సంగతి మీకు చెప్పాలా? మధ్యాహ్నం బండ మీద చేయి పెడితే బొబ్బ లేస్తాది.

బువ్వ సల్లారిపోతాంది అని నేను అన్న మాట నిజమే. ఆ రోజు పనివాళ్లు, చిన్నపిల్లలు పొద్దున్నుంచి ఏమీ తినకుండా కూర్చున్నారు. అందుకే అన్నాను. మీరు అంత దూరం తీసుకుంటారని అనుకోలేదు. అయినా నేను రాసిన పని అది కాదు. మీ క్షమాపణ నాకెందుకు?

తొట్టిలో వదలమన్నారు. ఒక పూట వదిలారు. పాప గొంతు బొంగురుపోయే దాకా ఏడ్చింది. నేను పోయి ఎత్తుకున్నాను. మీ పుస్తకం రాసినాయన వచ్చి అడ్డం పడినా ఎత్తుకునేవాడిని.

విరేచనం వారానికి ఒకసారి అయింది. అది కూడా కొంచెమే. పోయిన బుధవారం రామసుబ్బమ్మ, నేను పాపను పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరమ్మ పొట్ట నొక్కింది, నోరు తెరిపించింది, తక్కెడలో పెట్టి తూచింది. బరువు చాలదన్నది. ఇది కడుపు జబ్బులా లేదన్నది. తల్లి ఏదని అడిగింది. బాలింతను ఎండన పడి తిప్పకూడదని మేము ఇంట్లోనే ఉంచి పోయాం. తల్లిని చూడకుండా తను ఏమీ చెప్పనని, ఈసారి ఇద్దరినీ తీసుకురమ్మని, అంతవరకు వాడమని ఒక సీసా ఇచ్చి పంపింది. ఎండ తగ్గితే తీసుకుపోతాం.

అమ్మాయి కూడా చిక్కింది. నాకు ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు కానీ రాస్తున్నాను. మీ అమ్మాయి భోజనం సంగతి మీరు వచ్చి తేల్చాలి. అది మా చేతిలో లేదు, మీ చేతిలో ఉంది. ఆడవాళ్ల సంగతి ఇంతకంటే విడమరిచి నేను రాయలేను. మీ అక్కగారికి ఈ ముక్క చదివి వినిపించండి. ఆమెకు అర్థమవుతుంది.

సుబ్బయ్య


కోయిలకుంట్ల,
29 మార్చి 1955

బావగారికి,

మా అక్కకు చదివి వినిపించాల్సిన అవసరం లేదు. నాకే అర్థమైంది. తెలుగు చదివితే నాకు అర్థమవుతుంది.

నా కూతురు తినే తిండి మీకు భారమైంది. భారమైందని చెప్పడానికి మీకు నెల రోజులు పట్టింది. పాలిచ్చే తల్లి కాబట్టి మామూలు కంటే ఒక ముద్ద ఎక్కువ తింటుంది. ప్రపంచంలో ఏ దేశంలోనైనా తింటుంది. దాని భోజనం సంగతి నేను తేల్చాలట, నా చేతిలో ఉందట. ఒక డిపో కాక రాయచోటిలో రెండోది తెరుస్తున్న మనిషి ఇలా రాయగలడని నేను కలలో కూడా అనుకోలేదు. కర్నూలులో రాజధాని పెట్టి ఆఫీసులకు ఇళ్లు లేక డేరాలు వేశారని మనమంతా నవ్వుకున్నాం. ఆ డేరాల్లో ఉండే గుమాస్తా కూడా ఇంటి కోడలి కూటి కోసం వియ్యంకుడికి జాబు రాసి ఉండడు.

సరే. తేలుస్తున్నాను. పత్తి లారీ ఒకటి మీ ఊరికి వస్తోంది. అందులో బియ్యం, కొర్రలు, కందిపప్పు మూటలు, ఒక డబ్బా నెయ్యి, బెల్లం పంపుతున్నాను. మూటల మీద వెంకటేశ్వరమ్మ పేరు పెద్ద అక్షరాలతో నేనే రాశాను. మీ ఇంటి గింజలతో ఇవి కలవకుండా ఉంటే మంచిది. అయిపోతే రాయండి, మళ్లీ పంపుతాను. నేను బతికినన్నాళ్లు నా కూతురు మీ గింజ మీద ఆధారపడాల్సిన పని లేదు.

ఆసుపత్రి సంగతి. బిడ్డ కడుపు బిగిస్తే తల్లిని తీసుకురమ్మనడం ఏమి వైద్యం? రేపు నాకు పన్ను నొప్పి వస్తే మా అక్కను తీసుకురమ్మంటారు కాబోలు. ఆ సీసా మందు పారబోయండి. నేను పాత గ్రంథాలు మళ్లీ తిరగేస్తున్నాను. పిప్పలితో ఒక యోగం ఉంది. మోతాదు చూసి రాస్తాను.

ఓబులేసు


కడప,
24 ఏప్రిల్ 1955

ఓబులేసు బావకు,

నువ్వు అనే రాస్తున్నాను. మీరు అని రాసే ఓపిక ఇప్పుడు నాకు లేదు.

నీ మూటలు వచ్చాయి. లారీవాడు వీధంతా వినపడేట్టు పేరు చదివి దించాడు. రామసుబ్బమ్మ వాటిని చూసి కూలబడింది. 'కోడలికి కూడు పెట్టలేని ఇల్లని ఊరికంతా చాటినాడు గదా' అన్నది. ఆ పూట మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. మూటలు విప్పకుండా రాళ్లు చెక్కేవాళ్లకు పంచాను. నువ్వు పెద్ద అక్షరాలతో రాసిన పేరు గోనెల మీద ఇప్పటికీ ఉంది. వాళ్లు వాటిని ఎండకు అడ్డం కట్టుకున్నారు.

ఆ తరువాత ఒక మధ్యాహ్నం పనివాళ్లు అన్నాలకు పోయారు. నేను బండల చాటున చాప వేసుకుని ఒరిగాను. ఎవరో వచ్చిన అలికిడి అయింది. చూస్తే మీ అమ్మాయి. ఉలులు కాల్చి చల్లార్చే రాతి తొట్టి ఒకటి ఉంది మా దగ్గర. రాతిపొడి, బొగ్గుమసి తేలుతుంటాయి అందులో. గొడ్డు కూడా మూతి పెట్టదు. దాని ముందు గొంతుకూర్చుని దోసిళ్లతో ఆ నీళ్లు తాగుతోంది. ఆపకుండా తాగుతోంది. పక్కనే పనివాళ్ల కుండ ఉంది, మూత పెట్టి ఉంది. ఆ మూత తీస్తే చప్పుడవుతుందని దాన్ని ముట్టలేదు.

నేను లేచేలోపల రామసుబ్బమ్మ వెతుక్కుంటూ వచ్చి చూసింది. చెయ్యి పట్టి లేపి, 'ఎంత పని చేస్తాండావు తల్లీ, పథ్యంలో ఉండి ఈ నీళ్లు తాగుతావా. మీ పుట్టినింటోళ్లు పెట్టిన పథ్యం మేము తీయగూడదు. రేపు నీకో, బిడ్డకో ఏమన్నా అయితే మీ నాయన మమ్మల్ని బతకనిస్తాడా' అన్నది. అమ్మాయి అప్పుడు నన్ను చూసింది. కొంగు కూడా సర్దుకోలేదు. 'మా నాయన వచ్చి నీళ్లిస్తే గదా పథ్యం తీరేది. మా నాయన రాడు. నేను తాగల్నా, సావల్నా, మీరే చెప్పండి మామా' అన్నది.

నాకు అప్పుడు గాని తెలియలేదు. పథ్యం అంటే కూరలు, మజ్జిగ లేకుండా తినడమని నేను అనుకున్నాను. నీళ్ల సంగతి నాకు తెలియదు. రామసుబ్బమ్మను కూర్చోబెట్టి అడిగాను. కారం అన్నం, వెల్లుల్లి, కాచి చల్లార్చిన నీళ్లు పూటకు అరగ్లాసు. మీ ఇంటి నుంచి ఎట్లా వచ్చిందో అట్లాగే, ఇంకొంచెం గట్టిగానే నడిపించారట. మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. పుట్టింటివాళ్లు బాలింతను దింపిన రోజు, ఆమె తండ్రి విస్తరి దగ్గర కూర్చుని, పప్పన్నం ముద్ద పెట్టి, చెంబు నిండా నీళ్లిస్తాడు. దాంతో పథ్యం తీరుతుంది. ఇంకెవరూ తీయకూడదు, తీయమని అడగకూడదు. మీ అక్కకు ఈ సంగతి పెళ్లి మాటలప్పుడే చెప్పారట. ఆ రోజు నువ్వు విస్తరి దగ్గర కూర్చోలేదు. చెప్పులేసుకుని పోయావు. అన్నం వడ్డించినప్పుడు అమ్మాయి నీ కోసం చూసిందట.

నేను రెండు ఉత్తరాల్లో రాసిన పని ఇదే. పథ్యం తీయకుండా పోయావు, వచ్చి తీసిపో అని. నీళ్లు కూడా అందులో ఉన్నాయని తెలిసి ఉంటే బస్సెక్కి వచ్చి నిన్ను గుంజుకొచ్చి ఉండేవాడిని.

అమ్మాయిని అడిగాను, ఇన్ని నెలలు నోరు ఎందుకు తెరవలేదని. 'అడిగితే మా నాయన మరిచిపోయినాడని అందరూ అనుకుంటారు గదా మామా' అన్నది.

ఆచారం తప్పితే నా మీద పడనీ అని, ఆ రోజే చెంబుతో నీళ్లు నేనే ఇచ్చాను. రామసుబ్బమ్మ దండం పెట్టుకుంటూ పక్కకు తిరిగింది. కాసేపటికి తనే ఇంకో చెంబు ముంచుకొచ్చింది. ఎండలోనే తల్లినీ బిడ్డనీ ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరమ్మ తల్లి పెదాలు చూసి, ఏమి తింటున్నావు, ఏమి తాగుతున్నావు అని అడిగి, నన్ను చూసి తలకొట్టుకుంది. బిడ్డకు మలబద్ధకం కాదు, ఆకలి అన్నది. లోపలికి పోయేది చాలకపోతే బయటికి ఏమి వస్తుంది అన్నది. కడుపు నిండని బిడ్డ ఎట్లా పండుకుంటుంది అన్నది. ద్రాక్ష రసం, ఆముదం, వస, సీసా మందు, అన్నీ ఆపేయమన్నది. తల్లికి కడుపు నిండా తిండి, నీళ్లు, మజ్జిగ, పాలు. అంతే.

పాప ఇప్పుడు పండుకుంటోంది. రోజు విడిచి రోజు అవుతోంది. నువ్వు రానక్కర్లేదు. పిప్పలి మోతాదు కూడా పంపనక్కర్లేదు.

సుబ్బయ్య


కోయిలకుంట్ల,
9 మే 1955

బావగారికి,

మీరు నన్ను నువ్వన్నారు. గమనించాను. నేను మాత్రం మీరు అనే రాస్తాను. ఒకరైనా మర్యాద పాటించాలి.

మీ ఉత్తరం మీద నాకు చాలా ఆక్షేపణలు ఉన్నాయి. మొదటిది, మీ ఇంటి ఆచారం మీ ఇంటి గోడల్లో పెట్టుకుంటే పొరుగూరివాడికి ఎలా తెలుస్తుంది? ఆడవాళ్లు ఆడవాళ్లకు చెప్పుకున్న మాట మగవాడి చెవిన పడాలని ఎక్కడ రాసి ఉంది? రెండోది, పథ్యం అన్న ఒక్క మాట మీ రెండు ఉత్తరాల్లో ఎక్కడా లేదు. పని అన్నారు, భోజనం సంగతి అన్నారు. రాళ్లు అమ్మేటప్పుడు కూడా ఇలాగే సరుకు పేరు చెప్పకుండా అమ్ముతారా? మూడోది, చెంబు నీళ్లు ఇవ్వడం తండ్రి పని అయితే, ఆ పని నాకు చెప్పకుండా మీరు ఎలా చేశారు? ఒక తంతి కొడితే నేను వచ్చి ఇచ్చి ఉండేవాడిని. నా కూతురికి నేను ఇవ్వాల్సిన నీళ్లు మీరు ఇచ్చేశారు. అది నాకు ఇంక తిరిగి రాదు. దీనికి మిమ్మల్ని నేను క్షమించాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు.

ఇవన్నీ వివరంగా రాయాలని కూర్చున్నాను. రాయనిచ్చే స్థితిలో నన్ను మా అక్క ఉంచలేదు.

మీ ఉత్తరం వచ్చిన రోజు గిడ్డమ్మక్క ఎదురుగా వచ్చి కూర్చుంది. నేను ఎప్పటిలాగే కొన్ని చోట్ల దాటవేస్తూ చదివాను. 'నడుమ నడుమ మింగుతాండావు. అంతా సదువు' అన్నది. చదివాను. రాతి తొట్టి దగ్గరికి వచ్చేసరికి చదివిన వాక్యమే మళ్లీ చదివాను. అక్క ఏడవలేదు. అంతా విని, 'ఆ పొద్దు బిడ్డకు నీళ్ల చెంబు ఇయ్యకుండానే లేసి వచ్చినావా?' అని అడిగింది. జనవరిలో మీ ఊరి నుంచి వచ్చి బస్సు దిగిన రోజు ఆమె నన్ను ఇదే అడిగిందట, పథ్యం తీర్చినావా అని. నేను అన్నీ అయ్యాయి అన్నానట. అన్నానేమో. ఆ రోజు నేను ఎవరికి ఏమి చెప్పానో నాకు తెలియదు. ఆ నవ్వులు తప్ప నా చెవిలో ఏమీ లేవు.

'నేను పెట్టిన పథ్యంలో పాలు ఉండె, జావ ఉండె. రామసుబ్బమ్మ భయానికి అవి కూడా తీసేసింటుంది. నీ నోటికి భయపడింది. ఊరంతా నీ నోటికి భయపడేదే గదా' అన్నది. లేచి లోపలికి పోయింది.

ఆ రాత్రి విస్తట్లో కారం అన్నం, నాలుగు వెల్లుల్లి రేకులు, అరగ్లాసు కాచిన నీళ్లు. మజ్జిగ అడిగాను. పథ్యం అన్నది. నేను నవ్వాను. మరునాడు నవ్వలేదు. మే నెల కోయిలకుంట్లలో ఎలా ఉంటుందో మీకు తెలుసు. నీళ్ల బాన మీద కూర్చున్నంత పని చేసి కాపలా కాస్తోంది. బావి దగ్గరికి పోయి తాగవచ్చు, నన్నెవరూ కట్టెయ్యలేదు. ఒకసారి పోయాను కూడా. చేద చేతిలోకి తీసుకున్నాను. ఎవరైనా చూస్తున్నారేమో అని చుట్టూ చూశాను. అలా చూస్తున్నానని తెలిసిన తరువాత తాగలేకపోయాను. చేద దించి వచ్చేశాను. ఇది ఎందుకు రాశానో నాకు తెలియదు. మీరు దీన్ని ఎవరికీ చదివి వినిపించవద్దు.

నాకు కడుపు బిగిసింది. నిద్ర కరువైంది. మంచం మీద ఎటు తిరిగినా పొట్టలో బండ పెట్టినట్టుంది. నా పుస్తకాలన్నీ ముందేసుకున్నాను, సంస్కృతం, ఇంగ్లీషు అన్నీ. బిడ్డకు ఎన్ని యోగాలు రాశానో అవన్నీ అందులో ఉన్నాయి. ఎండుద్రాక్ష తెమ్మని అక్కను అడిగాను. 'బిడ్డకు పని చెయ్యనిది నీకు చేస్తాదా' అని వంటింట్లోంచే అన్నది. నాకు నోరుంది, అడగగలిగాను, కోపం చేయగలిగాను, మీకు ఉత్తరం రాయగలుగుతున్నాను. గురమ్మకు ఏడవడం ఒక్కటే వచ్చు. ఆ ఏడుపుకు నేను తొట్టిలో వదలమని రాశాను.

దీనికి అంతం ఎప్పుడని నిన్న అడిగాను. అమ్మాయిలాగా ఏడు నెలలా అన్నాను. అక్క నీళ్ల బాన మీద మూత సరిచేసింది. తరువాత, 'వెంకటేశ్వరమ్మ చేతి నీళ్లు తాగితే తీరుతాది. నేను తీయగూడదు. ఈడ తీరదు, ఆడికి పో' అన్నది. ఇది ఏ శాస్త్రంలోనూ లేదు. ఆమెతో వాదించాను. ఆమె వాదించలేదు, అరగ్లాసు నీళ్లు తెచ్చి ముందు పెట్టింది.

కాబట్టి ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నాను. మీరు పిలవలేదు, రానక్కర్లేదని కూడా రాశారు. అయినా వస్తున్నాను. బస్సు స్టాండుకు ఎవరినీ పంపవద్దు. నాకోసం ప్రత్యేకం ఏమీ వండించవద్దు. రామసుబ్బమ్మగారికి నేను ఏమి చెప్పాలో నాకు ఇంకా తోచలేదు. ఆమె ఎదురుపడితే నేను తల వంచుకుని పోతాను, దాన్ని అవమానంగా తీసుకోవద్దని మీరు ముందే చెప్పి ఉంచండి.

ప్రొద్దుటూరులో బస్సు మారాలి. అక్కడ స్టాండు చుట్టూ సోడా కొట్లు, చలివేంద్రాలు ఉంటాయి. మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చోవాలి. అక్కడ కూడా నేను ఏమీ తాగను. వెంకటేశ్వరమ్మకు ఈ ఒక్క మాట చెప్పండి. ఇంకేమీ చెప్పవద్దు.

ఓబులేసు